రామప్ప గుడి: కింద ఇసుక, పైన నీళ్లపై తేలే ఇటుక.. 800 ఏళ్లుగా ఎలా నిలబడింది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనానికి గుడి అంటే ముందు గుర్తొచ్చేది వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నర్సింహస్వామి. సెలవు దొరికితే కరీంనగర్, హన్మకొండ, ములుగు మీదుగా పాలంపేట రామప్పకూ వెళ్తుంటారు. అక్కడ నల్లరాతి మదనికల ముందు ఫొటో దిగి, నందిని చూసి, చెరువు గట్టుకు బయల్దేరతారు. తలెత్తి శిఖరం చూసేవాళ్లు తక్కువే. అసలు విశేషం అక్కడే ఉంది. అది రాయి కాదు, కాల్చిన మట్టి.

మట్టిని కాల్చి గుడి కట్టడం అంటే బెంగాల్‌లోని బిష్ణుపూర్ పేరు చెబుతారు. అక్కడ రాయి దొరకడం కష్టం. అందుకే 17వ శతాబ్దంలో మల్ల రాజులు ఇటుకతో గుళ్లు కట్టించి, గోడల నిండా టెర్రకోట బొమ్మలు పెట్టించారు. 1643 నాటి శ్యామరాయ్ గుడి అలాంటిదే. మరి మన దగ్గర రాయికి కొదవలేదు కదా, ఇటుక ఎందుకు?

బరువు తగ్గించడానికి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి పునాది ఇసుక మీద ఉంది. స్తంభాలు, దూలాలు గట్టి రాయి. వాటిపైన శిఖరాన్ని కూడా రాతితోనే పేరిస్తే ఆ భారమంతా గర్భగుడి మీదే పడుతుంది. అందుకే తేలికైన ఇటుక వాడారు. మామూలు ఇటుక నీళ్ల కంటే దాదాపు రెట్టింపు బరువు ఉంటుంది, వేస్తే మునుగుతుంది. రామప్ప ఇటుక నీళ్ల కంటే తేలిక, కాబట్టి తేలుతుంది. మంత్రం ఏమీ లేదు. మట్టిలో రంపపు పొట్టు లాంటివి కలిపి కాల్చారని, అవి మండిపోయి లోపల సన్నటి ఖాళీలు మిగిలాయని పరిశోధకులు అంటున్నారు.

బరువు సంగతి ఎంత ముఖ్యమో మండపంలో నడిస్తే కాళ్లకే తెలుస్తుంది. నేల అక్కడక్కడా కుంగి, ఎగుడుదిగుడుగా ఉంటుంది. అయినా శిఖరం నిలిచే ఉంది. 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు ఇచ్చినప్పుడు కూడా ఈ ఇటుకల గురించి ప్రత్యేకంగా చెప్పింది.

గుడి తూర్పు ముఖం. దర్శనం అయ్యాక వెనక, పడమటి వైపుకు వెళ్లండి. కాస్త దూరం జరిగి ఫోన్ జూమ్ చేస్తే, గోడల ఎర్రటి ఇసుకరాయి ఎక్కడ ఆగిందో, ఇటుక ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. తేలుతుందో లేదో చూద్దామని కింద పడ్డ ముక్క కూడా తీయొద్దు. అది నేరం.