మరపడవకు తగిన ప్రొపెల్లరు

ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి సముద్రమునకు పోవుచు దారిలో అనేక లంకలను ఏర్పరచినది. ఆ లంకలలో పండిన అరటి, కూరగాయలు, పశుగ్రాసము ఒడ్డునకు చేరుటకు చాల చోట్ల పడవయే ఆధారము. గెడలు, తెరచాపలు ఉన్నచోట ఇప్పుడు డీజిలు ఇంజను వచ్చినది. ఇంజను కొనునపుడు రైతు పదిమందిని విచారించి కొనును. ప్రొపెల్లరు విషయములో మాత్రము దుకాణములో ఏది దొరికిన దానిని తెచ్చి బిగించుకొనును. ఇంజను బలమును నీటికి అందించునది ప్రొపెల్లరే. అది తగినది కానిచో మంచి ఇంజను కూడ డీజిలును వృథాగా త్రాగి త్వరలో మరమ్మతునకు వచ్చును.

ప్రొపెల్లరు నడిమి బొడ్డుపై సాధారణముగా 18 × 16 వంటి రెండు అంకెలు చెక్కియుండును. మొదటిది వ్యాసము, అనగా రెక్కల కొసలు తిరుగు వలయము అడ్డుకొలత. రెక్కలు మూడైనచో బొడ్డు మధ్యనుండి ఒక రెక్క కొస వరకు కొలిచి రెట్టింపు చేసిన చాలును. రెండవది పిచ్. మరమేకును ఒక చుట్టు త్రిప్పిన కర్రలోనికి కొంత దూరము దిగును గదా! అట్లే ప్రొపెల్లరు ఒక చుట్టునకు ముందుకు పోవలసిన దూరము పిచ్. ఈ రెండును అంగుళములలో చెప్పుట వాడుక.

అయితే నీరు కర్ర వంటిది కాదు, జారిపోవును. ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచున్నది, గేరు పెట్టె దానిని సగమునకు తగ్గించుచున్నది అనుకొందము. షాఫ్టు 750 చుట్లు తిరుగును. పిచ్ 16 అంగుళములైనచో నిమిషమునకు 12,000 అంగుళములు, అనగా 1000 అడుగులు. లెక్క ప్రకారము పడవ గంటకు 18 కిలోమీటర్లు పోవలెను. బరువు పడవలలో నూటికి 40 మొదలు 50 పాళ్లు జారుడులో పోవును గనుక నిజముగా పోవునది 9 మొదలు 11 కిలోమీటర్లే.

ఇంకను పెద్ద పిచ్ వేసి వేగము పెంచుకొందమని కొందరు తలచుదురు. పడవకును ఒక హద్దు కలదు. నీటిని తాకియుండు పొడవును మీటర్లలో కొలిచి, దాని వర్గమూలమును 4.5తో హెచ్చించినచో గంటకు ఎన్ని కిలోమీటర్లు పోగలదో సుమారుగా తెలియును. 9 మీటర్ల పడవకు ఇది 13.5 కిలోమీటర్లు. ఆ హద్దును సమీపించిన కొలది బలమంతయు అలలు లేపుటకే ఖర్చగును.

వ్యాసము విషయములో మరింత జాగ్రత్త కావలెను. చుట్లు మారకుండ, పిచ్‌ను కూడ అదే పాళ్లలో పెంచి, 18 అంగుళముల ప్రొపెల్లరుకు బదులు 20 అంగుళములది వేసినచో అది కోరు బలము రమారమి నూటికి 70 పాళ్లు పెరుగును. రెండంగుళములే గదా అనుకొనరాదు. చిన్న ఎడ్లజతకు పెద్ద ఇనుప నాగలి కట్టినట్లగును.

అట్లని చిన్న ప్రొపెల్లరును వడిగా త్రిప్పుటయు మంచిది కాదు. బరువు మోయు పడవకు పెద్ద వ్యాసము, నెమ్మదియైన చుట్లు మేలు. పంపుసెట్టు ఇంజనును గేరు లేకుండ నేరుగా షాఫ్టునకు బిగించువారు ఈ లాభమును పోగొట్టుకొందురు. గేరు పెట్టె ఖర్చు దండుగ కాదని నా అభిప్రాయము. వ్యాసమును నిర్ణయించునది చివరకు పడవ అడుగే. రెక్క కొసకు, అడుగు చెక్కకు మధ్య వ్యాసములో పదవ వంతునకు తగ్గకుండ ఎడముండవలెను. 18 అంగుళముల ప్రొపెల్లరుకు ఇది 2 అంగుళములకు తగ్గరాదు, 3 అయిన మరియు మంచిది. పై రెక్క ఎల్లప్పుడు నీటిలో మునిగియుండవలెను. లేనిచో గాలిని లాగి ఊరక గిరగిర తిరుగును.

తగినదో కాదో తేల్చు పరీక్ష ఒక్కటే. పడవలో ఎప్పుడును వేయు పూర్తి బరువు వేసి, మేటలు లేని లోతు నీటిలో ఇంజనును పూర్తిగా తెరచి, చుట్లు కొలుచు సాధనముతో చూడవలెను. ఇంజను పలకపై వ్రాసిన చుట్లను అది అందుకొనవలెను. ఖాళీ పడవతో పరీక్షించుట చాల చోట్ల కనబడు పొరపాటు. ఖాళీగా బాగుగనే యుండును. అరటి గెలలు నింపిన నాడు నల్లపొగ మొదలగును.

1500 చుట్ల ఇంజను 1300 దగ్గరనే నిలిచిపోయి, నల్లపొగ వచ్చి, వేడెక్కుచున్నచో ప్రొపెల్లరు పెద్దది. పిచ్ ఒక అంగుళము తగ్గించిన చుట్లు నూటికి 4, 5 పాళ్లు పెరుగునని మోటు లెక్క. ఇక్కడ సుమారు 3 అంగుళములు తగ్గించవలసియుండును. చుట్లు సులభముగా పూర్తియై, గవర్నరు ఇంజనును పట్టియుంచుచు, వేగము మాత్రము రానిచో ప్రొపెల్లరు చిన్నది. అయితే అడుగున నాచు, గుల్లలు పట్టినను, రెక్కలకు గుర్రపుడెక్క చుట్టుకొనినను పెద్ద ప్రొపెల్లరు లక్షణములే కనబడును. ముందు వానిని తీసి చూడవలెను.

వరద కాలములో ఈ సంగతి ప్రాణములతో ముడిపడియున్నది. నది గంటకు 8 కిలోమీటర్లు పారుచుండగా, 10 కిలోమీటర్లు పోగల పడవ ఎదురునకు రెండే కిలోమీటర్లు సాగును. ప్రొపెల్లరు తప్పుడుదై ఆ రెండును పోయినచో పడవ ఉన్నచోటనే నిలిచిపోవును. 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్సు చట్టము ప్రకారము యంత్రముతో నడచు పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషను అవసరము. రేవులను వేలము వేయు పంచాయతీలవారు ఆ పత్రములతో పాటు, బరువుతో ఇంజను పూర్తి చుట్లు అందుకొనుచున్నదా అని కూడ అడుగుట మంచిది.

సరియైన ప్రొపెల్లరు ఉన్నప్పుడు ఎల్లప్పుడు పూర్తి వేగముతో పోనక్కరలేదు. చుట్లు పదవ వంతు తగ్గించిన, ప్రొపెల్లరు కోరు బలము నూటికి 27 పాళ్లు తగ్గును; వేగము మాత్రము పదవ వంతే తగ్గును.

మార్చునపుడు వెనుకనుండి చూచి ప్రొపెల్లరు ఎటు తిరుగునో గుర్తించి అదే తరహా కొనవలెను. షాఫ్టు వాలుకొన కొలతను వ్రాసికొని దుకాణమునకు తీసికొనిపోవలెను. మేటకు తగిలి రెక్క వంగినచో సుత్తితో సరిచేయక, పిచ్ కొలిచి తూకము సరిచూడగల పనివానికి ఇయ్యవలెను. లేనిచో అదరుపాటుచే వెనుక బేరింగు అరిగి నీరు పడవలోనికి వచ్చును. పాత ప్రొపెల్లరు బాగుగనున్నచో అమ్మివేయక, తాళపు చీలతో సహా పడవలోనే ఉంచుకొనవచ్చును.