ఐపీ68 ఫోన్ ఉన్నా గ్యాస్ ప్లాంట్ గేటు దగ్గరే ఎందుకు ఆపేస్తారు?

సూళ్లూరుపేట దాటి పులికాట్ మీదుగా వెళ్తే శ్రీహరికోట. 2013 ఆగస్టు 19న అక్కడ జీఎస్‌ఎల్‌వీ-డీ5 ప్రయోగం ఇంకా 74 నిమిషాలు ఉందనగా ఆగిపోయింది. కారణం రెండో దశలో ఇంధనం లీక్. ప్రయోగం మళ్లీ 2014 జనవరి 5న జరిగి సక్సెస్ అయింది.

లీక్‌ని అన్నిసార్లూ ఆపలేం. అందుకే మండే గ్యాస్, ఇంధనం వాడే ప్లాంట్లలో లీక్ అయితే గ్యాస్ ఎంతవరకు పాకుతుందో ముందే లెక్కగట్టి జోన్లు గీస్తారు. మన దేశంలో దీనికి ఐఎస్ 5572 స్టాండర్డ్ ఉంది.

జోన్లు ఏంటి?

జోన్ 0: గ్యాస్ ఎప్పుడూ, లేదా చాలాసేపు ఉండే చోటు. ఉదాహరణకు పెట్రోల్ ట్యాంక్ లోపలి ఖాళీ.
జోన్ 1: మామూలుగా పని నడుస్తున్నప్పుడే అప్పుడప్పుడు గ్యాస్ వచ్చే చోటు. ట్యాంక్ వెంట్ చుట్టూ ఇలాగే ఉంటుంది.
జోన్ 2: మామూలుగా రాదు, వచ్చినా కాసేపే. పైపు జాయింట్లు, వాల్వుల చుట్టుపక్కల.

గాలి బాగా ఆడితే జోన్ చిన్నదవుతుంది. గ్యాస్ బరువు కూడా ముఖ్యమే. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీద పాకి గుంతల్లో చేరుతుంది. రాకెట్ క్రయోజెనిక్ దశలో వాడే హైడ్రోజన్ పైకి లేచి కప్పు కింద చేరుతుంది.

మరి ఫోన్ సంగతి?

ఐపీ68 అంటే దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ మాత్రమే. నిప్పురవ్వ గురించి అది ఏమీ చెప్పదు. హైడ్రోజన్ అంటుకోవడానికి సుమారు 0.02 మిల్లీజౌల్ చాలు. చేతికి చురుక్కుమనే స్టాటిక్ షాక్‌లో అంతకంటే చాలా ఎక్కువ ఎనర్జీ ఉంటుంది!

అందుకే అక్కడ 'ఎక్స్' మార్క్ ఉన్న ఫోన్లే వాడాలి. లేబుల్ మీద 'ఎక్స్ ఐబీ ఐఐసీ టీ4' అని ఉంటే ఇలా చదవండి:

ఐబీ: సర్క్యూట్‌లో ఫాల్ట్ వచ్చినా గ్యాస్‌ని అంటించేంత రవ్వ రాదు, జోన్ 1కి ఓకే. జోన్ 0కి 'ఐఏ' కావాలి.
ఐఐసీ: హైడ్రోజన్ గ్రూప్‌కి కూడా పనికొస్తుంది.
టీ4: ఫోన్ వేడి 135 డిగ్రీలు దాటదు.

అలాంటి ఫోన్‌ని కూడా జోన్‌లో చార్జింగ్ పెట్టకూడదు. బయట షాపులో విప్పించి బ్యాటరీ మార్పిస్తే ఆ సర్టిఫికేషన్‌ని ఇక నమ్మలేం.

1997 సెప్టెంబర్ 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. ఇంటర్న్‌షిప్‌కో, ఉద్యోగానికో ప్లాంట్‌కి వెళ్తే, గేటు దగ్గర ఫోన్ అడిగినప్పుడు స్విచ్ఛాఫ్ చేశానని వాదించకండి, ఇచ్చేయండి.