సైకిలు ఫ్రేముకు రంగా? పౌడర్ కోటింగా?

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో సైకిళ్లు తొందరగా తుప్పు పట్టడం మీరు చూసే ఉంటారు. పుదుచ్చేరి పట్టణాన్నే తీసుకోండి. ఊరు చదునుగా ఉంటుంది, వీధులు తిన్నగా ఉంటాయి, మిషన్ వీధి వైపు అద్దె సైకిళ్ల దుకాణాలున్నాయి. సైకిలు తొక్కేవారికి ఇంతకన్నా అనువైన ఊరు అరుదు. అయితే పక్కనే బంగాళాఖాతం ఉంది. గాలిలో వచ్చే ఉప్పు తుంపర సైకిలు మీద కంటికి కనిపించని పొరగా పేరుకుంటుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇనుముకు నీరు, ఆక్సిజన్ తగిలితే తుప్పు పడుతుంది, ఉప్పు చేరితే ఆ పని మరింత వేగంగా సాగుతుంది. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న తెలుగు ఊరు యానాంలోనూ, కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నాల్లోనూ ఇదే పరిస్థితి.

టైరు అరిగితే మార్చుకోవచ్చు. చైను తెగితే కొత్తది వేయవచ్చు. ఫ్రేము గొట్టం తుప్పుతో పలచబడి విరిగితే మాత్రం తొక్కేవారు కింద పడతారు. నాలుగైదు సైకిళ్లు అద్దెకిచ్చి బతికేవారికి ఫ్రేమే అసలు పెట్టుబడి. అందుకే పాత ఫ్రేముకు మళ్లీ పూత వేయించేటప్పుడు మామూలు రంగు మంచిదా, పౌడర్ కోటింగ్ మంచిదా అన్న ప్రశ్న వస్తుంది.

రెండు పూతలు

మామూలు రంగులో మూడు భాగాలుంటాయి. రంగునిచ్చే పొడి, దానిని పట్టి ఉంచే జిగురు పదార్థం, రెండింటినీ పలచగా చేసే థిన్నరు. పూసిన తరువాత థిన్నరు గాలిలోకి ఆవిరైపోతుంది, మిగిలినది గట్టిపడి పొరగా నిలుస్తుంది. ఒక్కో చేతికి 20 నుంచి 30 మైక్రాన్ల మందం వస్తుంది. అందువల్లనే రెండు మూడు చేతులు వేయాలి. సైకిలు కార్ఖానాల్లో ఎనామెల్ రంగు వేసి, ఫ్రేమును పొయ్యిలో కాల్చి గట్టిపరిచేవారు. పాత నల్ల సైకిళ్ల మెరుపు అలా వచ్చినదే.

పౌడర్ కోటింగ్‌లో థిన్నరు ఉండదు. రంగు, జిగురు పదార్థం, గట్టిపరిచే పదార్థం కలిపి పొడిగా నూరి ఉంటాయి. పిచికారీ గన్ ఆ పొడికి పదుల వేల వోల్టులతో విద్యుదావేశం కలిగిస్తుంది. ఫ్రేమును ఎర్తింగు చేసి వేలాడదీస్తారు. బొచ్చు బట్టకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కలను లాగినట్టే, ఫ్రేము ఆ పొడిని తన మీదికి లాక్కుంటుంది. తరువాత పొయ్యిలో 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచితే పొడి కరిగి, పరుచుకుని, గట్టిపడుతుంది. ఒక్కసారికే 60 నుంచి 80 మైక్రాన్ల మందం వస్తుంది. ఇది దాదాపు మన తల వెంట్రుక మందం. కింద రాలిన పొడిని ఏరి మళ్లీ వాడుకోవచ్చు.

పౌడర్ పూత రంగుకన్నా గట్టిది, గీతలు తొందరగా పడవు. మరి అన్ని ఫ్రేములకూ అదే వేయిస్తే సరిపోదా? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి.

పూత కింద ఏముంది?

పూత ఏదైనా, కింద తుప్పు గాని ఉప్పు గాని మిగిలితే అది నిలవదు. పూత లోపల చిక్కిన ఉప్పు తేమను లోపలికి లాగుతుంది, బుడగలు లేస్తాయి. పలచని రంగయితే బుడగ త్వరగా పగిలి తుప్పు బయటపడుతుంది, మీరు చూసి సరిచేసుకుంటారు. పౌడర్ పూత గట్టిది కనుక, గీత పడిన చోట లోపలికి పాకిన తుప్పును అది చాలాకాలం దాచి ఉంచుతుంది. ఒకరోజు బెరడులా ఊడివస్తుంది. అప్పటికి గొట్టం సగం తినేసి ఉండవచ్చు.

కాబట్టి ముందు ఫ్రేమును మంచినీటితో బాగా కడగాలి, గ్రీజు తీయాలి, తరువాత తుప్పును పూర్తిగా గీకి తెల్లని లోహం కనిపించేలా చేయాలి. సముద్రతీరంలో ఇంకొక చిక్కు ఉంది. శుభ్రం చేసిన ఇనుము మీద కొన్ని గంటల్లోనే మళ్లీ పలచని తుప్పు కనిపిస్తుంది. ఈరోజు గీకి రేపు రంగు వేద్దామంటే కుదరదు. అదే రోజు ఫాస్ఫేటు పూత గాని ప్రైమరు గాని పడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పుదుచ్చేరిలో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. ఆ రోజుల్లో ఆరుబయట రంగు వేయకపోవడమే మేలు. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఫ్రేము చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది, రంగు పాలిపోతుంది.

ఎవరికి ఏది?

ఒకే ఒక పాత ఇనుప సైకిలు ఉండి, దానిని తానే చూసుకునేవారికి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు మీద వేసిన మంచి రంగే మేలని మా అభిప్రాయం. గీత పడితే చిన్న కుంచెతో ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. సొట్టలకు పుట్టీ పెట్టిన ఫ్రేముకు కూడా రంగే వేయాలి, మామూలు పుట్టీ పొయ్యి వేడికి నిలవదు. పదిమంది చేతుల్లో తిరుగుతూ గోడలకూ స్తంభాలకూ ఒరుసుకునే అద్దె సైకిళ్లకు పౌడర్ కోటింగ్ తగినది. అయితే కింద ప్రైమరు తప్పనిసరి. ఎపాక్సీ పొడి ఎండకు సుద్దలా తెల్లబడుతుంది కనుక పై పూతకు పాలియెస్టర్ పొడి అడగండి.

ఇత్తడితో అతికిన ఇనుప ఫ్రేముకు పొయ్యి వేడి వల్ల నష్టం లేదు, ఆ అతుకు కరగడానికి దాదాపు 900 డిగ్రీలు కావాలి. అల్యూమినియం ఫ్రేమయితే ఉష్ణోగ్రత, సమయం గురించి ముందే మాట్లాడుకోవాలి. కార్బన్ ఫ్రేమును పొయ్యిలో పెట్టనే కూడదు.

పౌడర్ కోటింగ్ పని ఎక్కువగా పారిశ్రామిక వాడల్లో దొరుకుతుంది. పుదుచ్చేరిలో మేట్టుపాళయం, తట్టాంచావడి అలాంటి వాడలు. కిటికీ చట్రాలు, బీరువాలు చేసేవారికి సైకిలు సంగతి తెలియకపోవచ్చు. పెడల్ ఇరుసు కూర్చునే గొట్టం మరలు, హ్యాండిల్ కప్పులు దిగే చోటు, సీటు కడ్డీ దిగే గొట్టం లోపలి భాగం మూసి ఉంచమని మీరే చెప్పండి. వెనుక చక్రం నట్టు బిగించే చోట మందమైన పూత ఉంటే అది నలిగి చక్రం వదులవుతుంది. ఫ్రేము నంబరు పూతలో కలిసిపోవచ్చు, ముందే రాసి పెట్టుకోండి. ఏ పూతా గొట్టం లోపలికి చేరదు. లోపల కొంచెం నూనె పోసి తిప్పడం మరువకండి.

పని చేసేవారి ఆరోగ్యం

థిన్నరు ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. గాలిలో దట్టంగా లేచిన పౌడరుకూ నిప్పు ప్రమాదం ఉంది. మామూలు ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి తుప్పు తీసే పని ఇంకా ప్రమాదకరం. ఆ ధూళి వల్ల సిలికోసిస్ వస్తుంది, ఈ ఊపిరితిత్తుల జబ్బు నయం కాదు. మూతికి కట్టుకున్న చేతిగుడ్డ దాన్ని ఆపదు. పాత రంగులో సీసం ఉండవచ్చు. మన దేశంలో గృహ, అలంకరణ రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించరాదన్న నియమం 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు ముందరి రంగును పొడిగా గీకకండి, నీటితో తడిపి రుద్దండి. పిల్లలను దగ్గరికి రానీయకండి.

చేసి చూడండి

తుప్పు పట్టిన రెండు ఇనుప ముక్కలు తీసుకోండి. ఒకదానికి తుప్పు మీదే రంగు వేయండి. రెండవదాన్ని మెరిసేదాకా రుద్ది, అదే రోజు ప్రైమరు వేసి, ఆరాక రంగు వేయండి. వారం తరువాత రెండింటి మీద లోహం కనిపించేలా బ్లేడుతో ఒక గీత గీయండి. రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఉప్పునీరు చల్లండి. గీతకు రెండు వైపులా తుప్పు ఎంత దూరం పాకిందో స్కేలుతో కొలిచి రాయండి. పౌడర్ కోటింగ్ వేసిన పనికిరాని ముక్క దొరికితే దాన్నీ ఈ వరుసలో పెట్టండి. అయితే దాని పూతను గోటితో ఎత్తి చూసిన తరువాతే కొలవండి.