విడివిడిగా సరే, కలిపి చూశారా?

నేటి తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్‌కీ, 1989 మే 22న ఒడిశాలోని చాందీపూర్‌లో తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఆ రాకెట్ మొదటి దశనే అగ్నికీ మొదటి దశగా వాడారు. మోటారు పాతదే, నమ్మకమైనదే. కానీ దానిపై వేరే రెండో దశ, వేరే గైడెన్స్ వచ్చి కూర్చున్నాక బరువు మారుతుంది, కుదుపు మారుతుంది, అదుపు చేసే లెక్కా మారుతుంది. బాగున్న భాగాలు కలిసినంత మాత్రాన ఆయుధం బాగుంటుందన్న భరోసా లేదు. కంప్యూటర్ సిమ్యులేషన్‌తో అసలు అవసరం పడేది ఇక్కడే.

మోటారు ఎంత బలంతో తోస్తుందో ఒక బృందం లెక్కగడుతుంది. గాలి ఎటు నెడుతుందో ఇంకొకటి. క్షిపణిని దారి మళ్లించే రెక్కలు ఎంత చురుగ్గా తిరుగుతాయో మరొకటి. ఈ లెక్కల నమూనాలన్నీ ఒకే గడియారానికి, ఒకే కొలతలకు కట్టుబడాలి. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో ఇందుకు ‘హార్డ్‌వేర్ ఇన్ ది లూప్’ పద్ధతి ఉంది. ఈ పద్ధతిలో దిశను పసిగట్టే జైరోలను అన్ని వైపులా తిరిగే బల్లపై బిగిస్తారు. కంప్యూటర్ లెక్కించిన మార్గాన్ని బట్టి బల్ల వంగుతుంది. జైరోలు ఆ కదలికను కొలిచి పంపుతాయి. క్షిపణిలో పెట్టబోయే అసలు కంప్యూటరే రెక్కలకు ఆజ్ఞ ఇస్తుంది. రెక్క ఎంత కదిలిందో మళ్లీ లెక్కలోకి వెళ్తుంది. ఇదంతా మిల్లీసెకన్లలో జరిగిపోవాలి. ఎక్కడైనా ఆలస్యమైతే లోపం క్షిపణిదో, పరీక్షదో తేలదు.

ఇంత శ్రమ దేనికి, నాలుగు క్షిపణులు పేల్చి చూస్తే పోదా అనవచ్చు. పేల్చిన క్షిపణి తిరిగి రాదు. పైగా ఒక ప్రయోగం ఒక్క రోజు గాలిని, ఒక్క మార్గాన్నే చూపిస్తుంది. అలాగైతే సిమ్యులేషనే చాలు కదా అన్నది రెండో వాదన. దానికి జవాబు 1996 జూన్ 4న యూరప్ రాకెట్ ఏరియాన్-5 చెప్పింది. ఏరియాన్-4లో చక్కగా పనిచేసిన సాఫ్ట్‌వేర్, కొత్త రాకెట్ వేగం తాలూకు అంకెను పట్టలేక మొరాయించింది. 40 సెకన్లకే రాకెట్ బద్దలైంది. ముందు జరిగిన సిమ్యులేషన్లలో ఆ సాఫ్ట్‌వేర్ నడిచే అసలు పరికరం లేదు, దాని నకలు లెక్క మాత్రమే ఉందని విచారణలో తేలింది. మనం చెప్పని సంగతి నమూనాకు తెలియదు. అందుకే ప్రతి ప్రయోగం నుంచి వచ్చిన కొలతలతో నమూనాను సరిదిద్దాలి. సరిదిద్దిన నమూనాయే తర్వాతి ప్రయోగంలో ఏం పరీక్షించాలో చెప్పాలి. ఈ రెంటిలో ఏది మానేసినా ఆదా అయ్యేది డబ్బు కాదు, బయటపడాల్సిన తప్పు.