ఖండ పటల వృద్ధి - ప్రాచీన అగ్నిశిలల సాక్ష్యం

ఖండాలకు ఆధారంగా ఉన్న మందపాటి రాతిపొరను ఖండ పటలం అంటారు. దీని సగటు మందం 35 నుండి 40 కిలోమీటర్లు. సముద్రాల అడుగున ఉండే పటలం సుమారు 7 కిలోమీటర్లే. బరువైన బసాల్టుతో ఏర్పడిన సముద్ర పటలం కాలక్రమేణా తిరిగి భూప్రావారంలోకి కుంగిపోతుంది. అందువలన సాగరగర్భంలో 20 కోట్ల సంవత్సరాలకు మించిన శిలలు దాదాపు కానరావు. తేలికైన ఖండ పటలం మాత్రం చాలావరకు పైనే నిలిచిపోతుంది. కాబట్టి భూమి తొలినాళ్ళ చరిత్రకు ఖండాలలోని ప్రాచీన అగ్నిశిలలే ముఖ్యమైన ఆధారాలు.

ఖండ పటలం పుట్టుక

భూప్రావారం పాక్షికంగా కరిగినపుడు బసాల్టు వస్తుంది గాని, నేరుగా గ్రానైటు రాదు. నీటిని చేర్చుకొన్న బసాల్టు లోతుకు చేరి మళ్ళీ కరిగితే సిలికా, సోడియం అధికంగా గల శిలాద్రవం పుడుతుంది. అది గడ్డకట్టగా ఏర్పడేవి టోనలైటు, ట్రాంజెమైటు, గ్రానోడయొరైటు. ఈ మూడింటిని కలిపి టి.టి.జి. శిలలంటారు. ఇవి కూడా మరల కరిగితే పొటాషియం అధికంగా గల గ్రానైటు వస్తుంది. చెరకు రసం నుండి చక్కెర, చక్కెర నుండి పటికబెల్లం తయారైనట్లు ఇది అంచెలంచెలుగా జరిగే పని. స్థూలంగా చెప్పాలంటే టి.టి.జి. శిలలు కొత్త పటలం చేరికకు, పొటాషియం గ్రానైట్లు పాత పటలం తిరిగి కరగడానికి గుర్తులు.

రెండు గడియారాలు

అగ్నిశిలలలో జిర్కాన్ అనే సూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి. ఏర్పడే సమయంలో ఇవి యురేనియంను ఇముడ్చుకొంటాయి, సీసాన్ని దాదాపుగా రానీయవు. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల సంవత్సరాలు. స్ఫటికంలో చేరిన సీసాన్ని, మిగిలిన యురేనియంను కొలిచి శిల ఎప్పుడు గడ్డకట్టిందో లెక్కిస్తారు.

అయితే శిల వయసు, అందులోని పదార్థం భూప్రావారం నుండి విడివడిన కాలం ఒకటే కానక్కరలేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత బంగారు గాజులను కరిగించి కొత్త గొలుసు చేయిస్తే ఇంట్లో బంగారం పెరగదు కదా! ఈ తేడాను హాఫ్నియం తెలుపుతుంది. లుటీషియం-176 క్షీణించి హాఫ్నియం-176 అవుతుంది. భూప్రావారంతో పోలిస్తే పటలంలో హాఫ్నియంకు తగినంత లుటీషియం ఉండదు కనుక అక్కడ హాఫ్నియం-176 పాలు నెమ్మదిగా పెరుగుతుంది. జిర్కాన్‌లో ఈ పాలు తక్కువగా ఉంటే దాని మాతృద్రవం పాత పటలం నుండి వచ్చిందని గ్రహించాలి.

ధార్వాడ్ క్రేటాన్

దక్షిణ భారతదేశంలో ఈ దశలన్నీ కనిపిస్తాయి. కర్ణాటక పశ్చిమ భాగంలోని టి.టి.జి. నైస్ శిలలు ముఖ్యంగా 340 నుండి 300 కోట్ల సంవత్సరాల నాటివి. తూర్పు భాగంలో ఎక్కువగా 270 - 250 కోట్ల సంవత్సరాల శిలలున్నాయి. సుమారు 400 కిలోమీటర్ల పొడవున సాగే క్లోజ్‌పేట గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. రామనగరానికి పూర్వనామమే క్లోజ్‌పేట. షోలే చిత్రంలోని కొండలు ఇవే. గోల్కొండ కోట నిలిచిన హైదరాబాదు గ్రానైట్లు కూడా ఇంచుమించు అదే కాలానివి.

వృద్ధి వేగంపై వాదాలు

హర్లీ, రాండ్ 1969లో శిలల వయసులను బట్టి ఖండాలు క్రమంగా పెరిగాయని వాదించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం పటలం తొలినాళ్ళలోనే ఏర్పడిందని, తరువాత చేరినంత పరిమాణం భూప్రావారంలోకి తిరిగి పోతున్నదని అన్నాడు. 2012లో ధూయిమ్, సహచరులు జిర్కాన్ల ఆధారంగా, నేటి పటల పరిమాణంలో సుమారు 65 శాతం 300 కోట్ల సంవత్సరాల క్రితానికే ఏర్పడిందని లెక్కగట్టారు.

మిగిలిన శిలలను మాత్రమే లెక్కిస్తే నశించిన పటలం లెక్కలోకి రాదు. వయసు నిర్వివాదంగా తేలిన శిలలలో అతి ప్రాచీనమైనది కెనడాలోని అకాస్టా నైస్, సుమారు 402 కోట్ల సంవత్సరాలు. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో, దానికంటె ఎంతో తరువాత ఏర్పడిన అవక్షేప శిలలలో, దాదాపు 440 కోట్ల సంవత్సరాల నాటి జిర్కాన్లు దొరికాయి. వాటిని కన్న అగ్నిశిలలు మాత్రం ఇంతవరకు ఎక్కడా లభించలేదు.