చదువుల పేటలకు దారి

దూరప్రాంతమునకు పోదలచినవారు ఏ బండి యెక్కవలెనో, ఎక్కడ దిగవలెనో, ఎచ్చట బస చేయవలెనో ముందుగా తెలిసికొని బయలుదేరుదురు. అందువలన ధనమును, కాలమును కలిసివచ్చును. హైదరాబాదు నగరమునకు వచ్చువారికిని ఇట్టి తెలివిడి అవసరమే.

చార్మినారును, గోలకొండను చూచుటకు వచ్చు యాత్రికులు వేడుకకై వత్తురు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు పేటలకు వచ్చువారిలో పెక్కుమంది వేరొక పనిమీద వత్తురు. వారి చేతిలో పుస్తకముల సంచి యుండును. ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుకొనుటకై జిల్లాలనుండి యువతీయువకులు ఏటేట ఇచ్చటికి చేరుచుందురు. పంట అమ్మియో, అప్పు చేసియో తల్లిదండ్రులు పంపిన సొమ్మే కొందరికి ఆధారము. అట్టివారికి దారి తెలియక వృథాయగు ప్రతి రూపాయియు బరువైనదే.

ఈ మూడు పేటలును ఒకదానికొకటి చేరువగానే యున్నవి. జూబిలీ బస్ స్టేషనునుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు 11 కిలోమీటర్ల మెట్రో రైలు మార్గము 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషనులు ఈ మార్గముననే వరుసగా కలవు. మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దిగినవారికి సుల్తాన్‌బజారు, నారాయణగూడల పిదప మూడవ స్టేషను చిక్కడపల్లి. సికింద్రాబాదులో రైలు దిగినవారు సికింద్రాబాదు వెస్టు మెట్రో స్టేషనుకు పోవలెను. ఈస్టు స్టేషను వేరొక మార్గమునకు చెందినది. పేరు చూచి పొరబడరాదు. వెస్టునుండి నాలుగవ స్టేషను చిక్కడపల్లి. నాంపల్లిలో దిగినవారు మహాత్మాగాంధీ బస్ స్టేషనువద్ద మెట్రో బండి మారవలెను. కాచిగూడలో దిగినవారికి నారాయణగూడ దగ్గరే, ఆటోలో పోవచ్చును. అయితే ఎక్కుటకు ముందే కిరాయి తేల్చుకొనుట మేలు. అశోక్‌నగరు పేరుతో మెట్రో స్టేషను లేదు. చిక్కడపల్లిలో దిగి నడచిపోవలెను.

ఇక బస. ఇచ్చట హాస్టళ్లకును, మెస్సులకును కొదువ లేదు. ఒక గదిలో పలువురు కలిసియుండుట సామాన్యము. గదిని, నీటి వసతిని, గాలి వెలుతురులను కన్నులార చూడకుండ బయానా ఈయరాదు. ఇచ్చిన సొమ్ముకు రసీదు తీసికొనవలెను. గది ఖాళీ చేయునప్పుడు ఎంత తిరిగి వచ్చునో ముందే అడిగి వ్రాసియుంచుకొనవలెను. అడుగుటకు సిగ్గుపడినవాడు పిమ్మట విచారపడును.

వానకాలమున మరియొక జాగ్రత్త అవసరము. హుస్సేనుసాగరు చెరువు నిండినప్పుడు పొంగిపోవు నీరు ఒక నాలాగుండ అశోక్‌నగరు, నారాయణగూడల మీదుగా మూసీనదికి పోవును. 2000 ఆగస్టులో ఒక్క దినముననే 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఈ నాలా పొంగి, పల్లపు వీధులు నీట మునిగినవి. కావున నాలా ప్రక్కనున్న ఇండ్లలో క్రింది అంతస్తు గదిని ఎన్నుకొనకుండుట మంచిది.

గది యిరుకైనను చదువుకొనుటకు విశాలమైన చోటు కలదు. అదియే చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము. తెల్లవారగానే విద్యార్థులు అచటికి చేరి తమ చోటు చూచుకొందురు. సెలవు దినములను ముందుగా తెలిసికొని పోవలెను. అచట మౌనము పాటించుట, పుస్తకమును చింపక, గీతలు గీయక తిరిగి యిచ్చుట ప్రతివాని విధి. ఏలయన, 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ప్రజలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును చెల్లించుచున్నారు. పల్లెలలోను ఈ పన్ను కలదు. కావున గ్రంథాలయము ఎవరో పెట్టిన ధర్మసత్రము కాదు, ప్రజల సొత్తు.

చదువుకై ఈ ప్రాంతమునకు వచ్చుట నేటి మాట కాదు. సమీపమున సుల్తాన్‌బజారులో నున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో స్థాపితమైనది. నిజాము పాలనలో ఉన్నతవిద్య ఉర్దూలో సాగుచుండగా, 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో బాలికలకు తెలుగు మాధ్యమమున పాఠశాల నెలకొల్పిరి. దానికి ఇచ్చట గుర్తింపు దొరకనందున, మహారాష్ట్రమున ధోండో కేశవ కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు గుర్తింపును పొందవలసివచ్చెను. తమ భాషలో చదువుకొనుటకే ఆ బాలికలు పరాయి ప్రాంతపు పరీక్షలు వ్రాయవలసిన దినములవి.

నేటి కష్టము వేరు. ఉద్యోగములు కొన్ని, పరీక్షలు వ్రాయువారు లక్షలు. ఎంత చక్కగా చదివినను అందరికిని ఉద్యోగము దొరకదు. కావున ఎన్నాళ్లుండవలెనో, ఎంత వ్యయము చేయవచ్చునో ఇంటివారితో ఆలోచించి నిర్ణయించుకొని బయలుదేరుట ఉత్తమము. వారమునకొకసారియైనను ఇంటికి క్షేమసమాచారము తెలుపవలెను. మనసు అలసిన సాయంకాలము, 1966లో ఏర్పడిన త్యాగరాయ గానసభలో సంగీతమో నాటకమో చూచి రావచ్చును.

ఉద్యోగము దొరకినవాడును, దొరకనివాడును ఒకనాడు సంచి సర్దుకొని ఊరికి పోవుదురు. మరునాడు ఉదయమున గ్రంథాలయములో వారి చోట మరియొకరు కూర్చుందురు. ఆ క్రొత్తవానికి దారి చూపుట, మెస్సు ఎక్కడనో చెప్పుట, ప్రక్కన కొంచెము చోటిచ్చుట పాతవారి వంతు. ముందు వచ్చినవారు తమకు చేసినది అదియే కదా!