రైలు నెత్తిన విల్లు ఎందుకు?

రాజమండ్రి దగ్గర రైల్లో గోదావరి దాటారా? 1997లో రైళ్లు మొదలైన వంతెన మీదైతే, కిటికీ పక్కన కాంక్రీటు విల్లులు ఒకదాని వెంట ఒకటి లేచి దిగుతుంటాయి. అవి అందం కోసం కట్టినవి కావు. అందంగా ఉన్నాయన్నది వేరే సంగతి!

రెండు పుస్తకాల మీద స్కేలు పెట్టి నడుమ నొక్కండి. వంగుతుంది. దాని పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. దూలం వంతెనతో చిక్కు ఇదే. రెండు స్తంభాల మధ్య దూరాన్ని 'స్పాన్' అంటారు. అది పెరిగేకొద్దీ దూలం లావెక్కాలి. మరి స్తంభాలు దగ్గరగా వేయొచ్చుగా? పక్కనే ఉన్న 1900 నాటి హేవ్‌లాక్ వంతెనకు అలాగే వేశారు, 56 స్పాన్లు. కానీ నదిలో పునాది దించడం మహా కష్టం. కొత్తదానికి 28 స్పాన్లే, ఒక్కోటి దాదాపు 97 మీటర్లు.

ఇప్పుడు అట్టముక్కను కమానులా వంచి బల్ల మీద నిలబెట్టి నొక్కండి. కాళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి. వాటిని దారంతో కలిపి కట్టండి, నిలుస్తుంది. విల్లుకు నారి దొరికింది! గోదావరి మీద రైలు నడిచే దూలమే ఆ నారి. కమాను నుంచి వేలాడే కడ్డీలు దూలాన్ని పట్టుకుని బరువును పైకి అందిస్తాయి. నొక్కుడును ఓర్చుకోవడం కాంక్రీటుకు చేతనైన పనే. లాగితే మాత్రం పగులుతుంది. అందుకే నారి లోపల ఉక్కు తీగలను ముందే బిగించి ఉంచారు.

పొడవైన స్పాన్‌కు విల్లు ఒక్కటే దారి కాదు. హైదరాబాద్‌లో దుర్గం చెరువు వంతెనకు కమానే లేదు. ఎత్తైన స్తంభాల నుంచి ఏటవాలుగా దిగిన కేబుళ్లే రోడ్డును మోస్తాయి.